తూర్పు ముఖం ఇల్లు

మొన్న ఆఫీసులో కాఫీ కలుపుకుంటుంటే, మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది. ఊళ్ళో దిగి పది రోజులైందట, ఇంకా హోటల్లోనే ఉందట. "అక్కా, ఇక్కడ మంచి ఏరియా ఏది?" అని అడిగింది. ఈ దేశంలో ఇన్నేళ్ళుగా ఉంటున్నదాన్ని, ఠక్కున చెప్పాల్సిన జవాబు. "ఆలోచించి చెప్తానమ్మా" అన్నాను. ఇందులో ఆలోచించడానికి ఏముందా అన్నట్టు చూసి వెళ్ళిపోయింది.

మంచి ఏరియా అంటే ఏమిటో నాకు పదకొండేళ్ళప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడైనా అర్థమైందా అంటే గట్టిగా చెప్పలేను. ఆ పిల్ల వెళ్ళాక కాఫీ చల్లారిపోయేదాకా నాకు ఆ చలికాలమే గుర్తొస్తూ కూర్చుంది.

నాన్న మాకంటే ఏడాది ముందు షికాగో వచ్చాడు. అమ్మా నేనూ బయలుదేరే ముందు ఆ ఏడాదంతా నాకు ఇంగ్లీషు ట్యూషన్ పెట్టించారు. అమెరికా అంటే ఇంగ్లీషు కదా మరి. తీరా వచ్చి మా వీధిలో కారు దిగితే ఒక్క బోర్డు చదవడం నా వల్ల కాలేదు. రొట్టెల కొట్టు, మంగలి షాపు, లాండ్రీ, పళ్ళ దుకాణం, అన్నిటి మీదా అక్షరాలు ఇంగ్లీషువే, మాటలు మాత్రం కావు. కొట్టువాడు నన్ను చూడగానే గబగబా ఏదో స్పానిష్‌లో మాట్లాడేశాడు. నా రంగు చూసి వాళ్ళ పిల్లనే అనుకున్నాడు. నాన్న పొరపాటున మమ్మల్ని వేరే దేశంలో దింపాడేమోనని నాకు రెండు రోజులు నిజంగానే అనుమానం.

మాది ఎర్ర ఇటుకల మూడంతస్తుల ఇల్లు. మధ్య అంతస్తులో మేము. మెట్ల మీద ఎప్పుడూ తడిసిన బూట్ల వాసన, వేగుతున్న ఉల్లిపాయల వాసన కలిసి వచ్చేవి. చర్చి గంటలు, రేడియో పాటలు, కింద కుక్క. అమ్మకి ఉద్యోగం చేసే వీసా కాదు. నాన్న పొద్దున్న ఏడింటికి రైలుకి వెళ్ళిపోతే అమ్మ సాయంత్రం దాకా కిటికీ దగ్గర నిలబడి, ఎవరెవరు ఎటు పోతున్నారో చూసేది. నేను స్కూల్ నుంచి రాగానే ఆ లెక్కంతా నాకు చెప్పేది.

శనివారం వస్తే అంకుల్ వచ్చేవాడు. నాన్న ఆఫీసులోనే పని, వరంగల్ మనిషి, మాకంటే ఆరేళ్ళ సీనియర్ ఈ ఊళ్ళో. నాన్నకి కారు లేదు గనక మమ్మల్ని తన కార్లో కూర్చోబెట్టుకుని ఊరు చూపించేవాడు. చూపించడమంటే మార్కులు వెయ్యడం. "వదినా, గిది మంచి ఏరియా", "గిది మంచి ఏరియా కాదు", "గిది మొన్నటిదాక మంచిగుండె, ఇప్పుడు కరాబైంది". నేను వెనక సీట్లో కూర్చుని మంచికీ చెడుకీ తేడా పట్టుకుందామని కళ్ళు పొడుచుకునేదాన్ని. పట్టు దొరికేది కాదు.

ఒక చోట గాజు మేడలు. తలెత్తి చూస్తే మెడ పట్టేసింది, గాలికి నా టోపీ ఎగిరిపోయింది. మనుషులు ఎవరో తరుముతున్నట్టు నడుస్తున్నారు. అది మంచిదట. దాని పక్కనే పెద్ద సరస్సు. చూస్తే సముద్రమే, కెరటాలున్నాయి, ఇసకుంది, అవతలి ఒడ్డు లేదు. కానీ ఉప్పు వాసన లేదు, చేపల వాసన లేదు. వేలు ముంచి నాకి చూశాను. చప్పగా ఉంది. కాకినాడ బీచిలోనే పుట్టి పెరిగానన్నట్టుండే నాకు ఆ నీళ్ళను ఏమనుకోవాలో తెలియలేదు.

ఇంకో చోట అంకుల్ టక్కున కారు తలుపులన్నీ లాక్ చేశాడు. "ఈడ అద్దాలు దించకుండ్రి" అన్నాడు. బయట నా వయసు పిల్లలిద్దరు తాడాట ఆడుతున్నారు. ఒకావిడ మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లకి జడలు అల్లుతోంది, మా ఇంటి అరుగు మీద అమ్మమ్మ నాకు అల్లినట్టే. ఆవిడ నాకేసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. నాలుగు వీధులు దాటాక తలుపుల లాక్ తీశాడు. "అక్కడ ఏముంది అంకుల్?" అని అడిగితే, "పెద్దయినంక నీకే తెలుస్తదమ్మా" అన్నాడు. పెద్దదాన్నయి చాలా ఏళ్ళయింది.

మన సామాన్లు దొరికే వీధికి వెళ్తే చీరల షాపులు, మిఠాయిలు, కరివేపాకు. ఇండియా వచ్చేశామని నేను ఎగిరి గంతేశాను. కానీ అక్కడి కొట్టాయన నాతో హిందీలో మాట్లాడితే నాకు అదీ రాలేదు. స్పానిష్‌వాళ్ళు తమ పిల్లనుకున్నారు, హిందీవాళ్ళు తమ పిల్లనుకున్నారు, ఎవరి మాటా నాకు తెలియదు.

చైనావాళ్ళ పేటలో మాత్రం అమ్మ కారు ఆపించింది. ఒక కొట్టు ముందు గోతాల్లో ఎండురొయ్యలు. ఆ వాసన తగలగానే అమ్మ మొహం వెలిగిపోయింది. అమెరికా వచ్చాక అమ్మ మొహం అలా అవడం నేను అదే మొదటిసారి చూడటం. అంకుల్ ముక్కు మూసుకున్నాడు.

"వదినా, గవి కార్ల వద్దు. వారం దాక వాసన పోదు."

"నా ఒళ్ళో పెట్టుకుంటాలేండి అన్నయ్యగారూ" అంది అమ్మ. పెట్టుకుంది కూడా, చంటిపిల్లని పట్టుకున్నట్టు.

మర్నాడు వంకాయా ఎండురొయ్యలూ వండింది. కూర సగం ఉడికేసరికి ఎవరో తలుపు కొట్టారు. అమ్మ బెదిరిపోయింది. వాసన వస్తోందని పక్కవాళ్ళు కంప్లెయింట్ ఇస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారని అంకుల్ అప్పటికే భయపెట్టి ఉన్నాడు. కిటికీ తెరిచి, చలిగాలి ఇంట్లోకి రానిచ్చి, అప్పుడు తలుపు తీసింది. ఎదురుగా కింద వాటాలో ఉండే ముసలావిడ. నా అంత ఎత్తే ఉంటుంది. నడుముకి ఏప్రన్, చేతులకి పిండి. "సారీ సారీ" అని అమ్మ అంటూనే ఉంది, ఆవిడ అమ్మని తప్పించుకుని తిన్నగా వంటింట్లోకి నడిచి, మూత తీసి, కళ్ళు మూసుకుని ఆవిరి పీల్చింది. ఏదో అని, గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది. అమ్మా నేనూ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. రెండు నిమిషాల్లో మళ్ళీ ఎక్కి వచ్చింది. చేతిలో పొట్లం. విప్పితే అవే ఎండురొయ్యలు, కాకపోతే మా వాటికంటే ఎర్రగా ఉన్నాయి. వాటిని మా పొట్లం పక్కన పెట్టి ఆవిడ నవ్వింది. అమ్మ ముందు నవ్వి, తర్వాత ఎందుకో కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజు నుంచి ఆవిడ మాకు కిందావిడ. మెక్సికోలో ఏదో సముద్రపు ఒడ్డు ఊరట. భర్త లేడు. కూతురు టెక్సస్‌లో ఉంది. ఆవిడకి ఇంగ్లీషు పది ముక్కలు వచ్చు, అమ్మకి ఇరవై. ఆ ముప్పైతో ఇద్దరూ పొద్దంతా మాట్లాడుకునేవారు. ఎండురొయ్యలు దంచి, గిలక్కొట్టిన గుడ్లలో కలిపి వడల్లా వేయించి, ఎర్రటి మిరపకాయల పులుసులో వేసి పెట్టిందొకసారి. "వడల పులుసేనే ఇది!" అంది అమ్మ ఆశ్చర్యపోయి. పండగలకి మొక్కజొన్న పిండి ముద్దలు పొత్తుల మీది ఆకుల్లో చుట్టి ఆవిరికి పెట్టేది. అమ్మ కూడా కూర్చుని చుట్టేది. మా అమ్మమ్మ పనసాకుల బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి పొట్టిక్కలు వండే సంగతి ఆవిడకి తెలుగులోనే చెప్పేది. ఆవిడ తలూపేది. నేను ఆ ముద్దలు లోపల ఏముందో అడక్కుండా తినేసేదాన్ని. అడిగితే మేము తినకూడని మాంసమని తేలుతుందేమోనని భయం. మూడోసారి పెట్టిన ముద్దలో ఉన్నది పందిమాంసమేనని నాకు బాగానే తెలుసు. అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

అమ్మ కిటికీ దగ్గర నిలబడటం మానేసింది. కిందావిడతో కలిసి లాండ్రీకి, రొట్టెల కొట్టుకి, పళ్ళ దుకాణానికి నడిచి వెళ్ళేది. బస్సెక్కడం నేర్చుకుంది. స్కూల్ నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంటే నేను తిన్నగా కిందింటికే వెళ్ళేదాన్ని. ఇద్దరూ అక్కడే ఉండేవారు. ఆ పిల్ల నాదే అన్నంత హక్కుగా కిందావిడ నా జడ విప్పి మళ్ళీ వేసేది.

అలాంటి రోజుల్లో ఒక శనివారం అంకుల్ నాన్నతో అన్నాడు. "అన్నా, పిల్ల వచ్చే ఏడు మిడిల్ స్కూల్‌కి పోతది. మీరుండేది మంచి ఏరియా కాదు. ఇస్కూల్ రేటింగ్ జూసినవా? నేపర్‌విల్‌కి రా. మనోళ్ళందరు ఆడనే ఉన్నరు."

నా చెవులు మూసుకుపోయినంత పనైంది. మేమున్నదే మంచిది కాని ఏరియానా? ఇన్నాళ్ళూ కార్లోంచి వెతుకుతున్నది మా ఇంట్లోనే ఉందా? ఆ రాత్రి మంచం మీద పడుకుని మా వీధిని మొదటి నుంచి చివరిదాకా మనసులో నడిచి చూశాను. చెడ్డది ఎక్కడుందో కనబడలేదు.

నాన్న మాత్రం తేల్చేశాడు. ఫిబ్రవరి ఆఖరుకి లీజ్ అయిపోతుంది, ఈలోగా సిటీకి గంట దూరంలో ఉన్న నేపర్‌విల్‌లో అద్దెకి ఇల్లు చూడాలి. అమ్మ కాదనలేదు. పిల్ల చదువు అన్నాక ఏ తల్లి కాదంటుంది? ఒక్క షరతు పెట్టింది.

"తూర్పు ముఖం ఇల్లయితేనే వస్తాను."

"అద్దెకొంపకి వాస్తేమిటే?" అన్నాడు నాన్న.

"అద్దెదైనా కాపురం ఉండేది మనమే కదండీ. మా అన్నయ్య మరీ మరీ చెప్పాడు."

మా మేనమామ సైన్సు మాస్టారు. బయలుదేరేటప్పుడు నాకో దిక్సూచి ఇచ్చాడు, ఇత్తడి డబ్బీలో. దగ్గర్లో ఇనుము గానీ అయస్కాంతం గానీ ఉంటే సూది చెదిరిపోతుందని, జాగ్రత్తగా చూడాలని చెప్పాడు. వాస్తు సంగతి ఏం చెప్పాడో నేను వినలేదు. ఇండియాలో మేమున్న క్వార్టర్స్ ఏ ముఖమో మాలో ఎవరికీ తెలియదు. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు.

సిటీలో దిక్కులు తెలుసుకోవడం సులువు. వీధులన్నీ గళ్ళు గీసినట్టుంటాయి, సరస్సున్న వైపు తూర్పు. నేపర్‌విల్ అలా కాదు. కొత్త కాలనీల్లో రోడ్లు మెలికలు తిరిగి తిరిగి మళ్ళీ మొదటికే వచ్చేవి. ఇళ్ళన్నీ ఒకే రంగు, ఒకే గరాజు. రోడ్డు మీద మనిషి లేడు. దేని వాసనా లేదు. పైగా ఆ చలికాలం ఆకాశానికి మందపాటి దుప్పటి కప్పేసినట్టుంది, వారాల తరబడి సూర్యుడి జాడే లేదు. అందుకని ఇల్లు చూడటానికి వెళ్ళిన ప్రతిచోటా దిక్సూచే దిక్కు. అమ్మ గడపలో నిలబడి బయటికి చూసేది. తన చేతికి గాజులు, సంచిలో తాళాలు ఉంటాయి గనక దిక్సూచి నా అరచేతిలో పెట్టేది. "కదపకు" అని, సూది నిలిచేదాకా వంగి చూసేది. ఇల్లు చూపించడానికి వచ్చిన ఏజెంటమ్మ పొడుగు కోటులో వణుకుతూ, ఈ మంచులో ఈ కుటుంబానికి ఏం పోయిందా అన్నట్టు మమ్మల్నే చూసేది.

నా బుద్ధి ఎక్కడ చెడిందంటే అక్కడే. మా ఫ్రిజ్ మీద క్యాలెండర్ని పట్టి ఉంచే నల్లటి గుండ్రటి అయస్కాంతం ఒకటుండేది. దాన్ని ఊడదీసి చలికి తొడుక్కునే ఉన్ని మిట్టెన్ లోపల, సరిగ్గా అరచేతి కింద పెట్టుకున్నాను. మొదటి ఇంట్లో సూది గిరగిరా తిరిగి ఎటో ఆగింది.

"దక్షిణం" అంది అమ్మ. "వద్దు."

"తూర్పేనన్నరు గదా వదినా!" అని అంకుల్ తల గోక్కున్నాడు.

"మనుషులు చెప్తే ఏమిటి అన్నయ్యగారూ, సూది చెప్పాలి గానీ."

పాపం చేస్తున్నానని తెలుసు. కిందావిడ వంటిల్లు తల్చుకుని ధైర్యం తెచ్చుకున్నాను. రెండో ఇల్లు వద్దు. మూడోది వద్దు. నాలుగోదీ వద్దు. తిరిగొచ్చేటప్పుడు నాన్న విసుక్కునేవాడు, అంకుల్ ఆవులించేవాడు, అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. ఇల్లు దొరకలేదని దిగులు పడుతోందేమోనని నాకు జాలేసేది.

అయిదో ఇల్లు ఫిబ్రవరి మూడో వారంలో. ఈసారి వచ్చిన ఏజెంటాయనకి దిక్కుల సంగతి తెలియదట. అమ్మ గడపలో నిలబడింది. నేను మిట్టెన్ చాపాను. సూది కాసేపు ఊగింది, ఆగింది. అయస్కాంతం సూదిని తిప్పుతుంది గానీ, ఎటు తిప్పమంటే అటు తిప్పదు. ఇంత చిన్న విషయం సైన్సు మాస్టారి మేనకోడలికి తట్టలేదు. చెయ్యి కదిపేలోపే అమ్మ చూసేసింది. అలాగే వంగి ఉండిపోయింది.

"ఏంటి?" అన్నాడు నాన్న.

"తూర్పే" అంది అమ్మ చిన్నగా.

నాన్న చప్పట్లు కొట్టాడు. అంకుల్ "పాండ్రి, ఇగ టీ తాగుదాం" అన్నాడు. అమ్మ సంతోషం పట్టలేక మాట్లాడలేకపోతోందని వాళ్ళిద్దరూ అనుకున్నారు. మిట్టెన్ విప్పి నిజం చెప్పేస్తే పోయేది. నలుగురి ముందు చెయ్యి జేబులో దాచుకున్నాను.

ఇల్లు మారిన రోజు కిందావిడ మెట్ల దగ్గర నిలబడి నా నుదుటి మీద బొటనవేలితో శిలువ గీసింది. అమ్మ ఆవిడ నుదుట బొట్టు పెట్టింది. అంకుల్ హారన్ కొట్టాడు.

కొత్త ఇంట్లో మూడు వారాలు అదే మబ్బు. నాన్న కారు నేర్చుకుని కొనుక్కున్నాడు, పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. నడిచి వెళ్ళడానికి కొట్టు లేదు, బస్సు లేదు, వెళ్ళినా పలకరించడానికి మనిషి లేడు. మనవాళ్ళు చుట్టూ ఉన్నారన్న మాట నిజమే, కాకపోతే అందరూ గరాజులోంచి కార్లోనే వెళ్ళి కార్లోనే వచ్చేవారు. అమ్మ ఎండురొయ్యలు వండలేదు. పక్కింటివాళ్ళకి వాసన వస్తుందని.

ఒక ఆదివారం పొద్దున్న మెలకువ వచ్చేసరికి మెట్ల దాకా వెలుతురు. కిందికి దిగాను. వెనక వంటింటి కిటికీలోంచి ఎండ, ఎర్రగా, తిన్నగా అమ్మ మొహం మీద పడుతోంది. అమ్మ ఉప్మా కలుపుతూ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత మెల్లిగా నడిచి వెళ్ళి ముందు తలుపు తెరిచింది. మా ఇంటి నీడ ముందున్న మంచు మీద రోడ్డు దాకా పొడుగ్గా పడి ఉంది.

"పడమటి ముఖం" అంది. నాతో కాదు.

తలుపు వేసి మెట్టు మీద కూర్చుండిపోయింది. కోపమొచ్చిందనుకున్నాను. ఇంక దాచడం నా వల్ల కాలేదు. "నేనేనమ్మా" అన్నాను. మిట్టెన్ సంగతి, అయస్కాంతం సంగతి, అయిదిళ్ళ సంగతీ ఏడుస్తూ చెప్పేశాను. కిందావిడని వదిలి రావడం ఇష్టం లేక చేశానని చెప్పాను. దెబ్బ పడుతుందని మెడ లోపలికి లాక్కున్నాను.

అమ్మ నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"నువ్వు కూడానా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"నాకెందుకే తూర్పూ పడమరా. రానంటే మీ నాన్నగారు ఎందుకంటారు. ఏమని చెప్పను, భాష తెలియని ముసలావిడ కోసమని చెప్పనా? అందుకని ఆ వంక పెట్టాను. నాలుగిళ్ళు తప్పాయి. ఆ అయిదో ఇంటికి వెళ్ళే ముందు మీ నాన్నగారే అన్నారు, ఇదీ కుదరకపోతే ఈ ఏడాదికి మానేద్దాం, లీజ్ పొడిగించుకుందాం అని." అమ్మ చేతిలోని గరిటె మెట్టు మీద పెట్టింది. "ఆ ఒక్క ఇల్లు తప్పితే చాలనుకున్నానే. సూది తూర్పని చూపిస్తుంటే అబద్ధమాడలేకపోయాను."

ఆ ఒక్క ఇల్లు తప్పేదే. నా మిట్టెన్‌లో అయస్కాంతం లేకపోతే సూది ఉన్నదున్నట్టు పడమర చూపించేది, అమ్మ వద్దనేది. వద్దనడానికే వచ్చి గడపలో నిలబడ్డ మనిషి చేత నేను అవుననిపించాను.

"ఏంటి మాడు వాసన?" అని పైనుంచి నాన్న కేకేశాడు.

"ఏం లేదండీ, ఎండొచ్చింది" అంది అమ్మ. నా కళ్ళు తన కొంగుతో తుడిచి, లేచి వెళ్ళి పొయ్యి ఆపింది. నాన్నకి మేమిద్దరం ఎప్పుడూ చెప్పలేదు.

స్కూల్ మంచిదే. నేను బాగానే చదువుకున్నాను, దానికి వంక పెట్టను. అమ్మ డ్రైవింగ్ నేర్చుకుని హైవే ఎక్కడానికి రెండేళ్ళు పట్టింది. ఎక్కిన మొదటి రోజే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాత వీధికి వెళ్ళింది. కిందింటి తలుపు ఎవరో కుర్ర జంట తీశారు. ముసలావిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందట, ఎప్పుడో తెలియదట, అడ్రసు లేదట. అమ్మ థాంక్యూ చెప్పి కార్లో కూర్చుంది. నన్ను ఒక్క మాట అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

ఆ రెండేళ్ళూ నేను రోజూ సాయంత్రం స్కూల్ బస్సు దిగేసరికి, అమ్మ ముందు గది కిటికీ దగ్గర నిలబడి కనబడేది. ఎవరెవరు ఎటు పోయారో నాకు చెప్పేది కాదు. ఆ రోడ్డు మీద ఎవరూ పోయేవారే కాదు.